కొవ్వాడ రియాక్టర్ల ఆయుష్షు తీరాక ఆ నేలను ఎవరు, ఎంత మేరకు, ఎవరి డబ్బుతో శుభ్రం చేస్తారు?

రణస్థలం జంక్షన్:

అందరికీ నమస్కారం. కొవ్వాడలో కట్టబోయే అణు విద్యుత్ కేంద్రం గురించి మన శ్రీకాకుళం జిల్లాలో నడిచే మాటలన్నీ భూమికి ఎంత ఇచ్చారు, నిర్వాసితుల కాలనీ ఎంతవరకు వచ్చింది అన్న రెండింటి చుట్టూనే తిరుగుతున్నాయి. ప్రమాదం జరిగితే ఎలా అన్న భయమూ అప్పుడప్పుడు వినిపిస్తుంది. ఏ ప్రమాదమూ జరక్కుండా, అంతా సవ్యంగా నడిచి, ఆయుష్షు తీరి మూసేసే రోజు వస్తే ఆ స్థలం సంగతేమిటని మాత్రం ఎవరూ అడగడం లేదు.

ఒక్కొక్కటి 1208 మెగావాట్ల చొప్పున ఆరు ఏపీ-1000 రియాక్టర్లు (అమెరికా కంపెనీ వెస్టింగ్‌హౌస్ రూపొందించిన రకం) అంటున్నారు. డిజైన్ ఆయుష్షు 60 ఏళ్లు. పనులు ఇంకా మొదలవలేదు కాబట్టి అడగడానికి ఇదే అదను అనిపిస్తోంది.

మూసేశాక ఏ పని ఏ వరుసలో జరుగుతుంది? ఎన్నేళ్లు పడుతుంది? మన దేశంలో దీనికి చట్టం ఉందా, డబ్బు ఎక్కడ దాస్తున్నారు? యూనిట్‌కు రెండు పైసలు వసూలు చేస్తారని విన్నాను, అది సరిపోతుందా? చివరికి ఆ నేల మళ్లీ సరుగుడు తోటలకో, జీడి తోటలకో పనికొస్తుందా, లేక ఎప్పటికీ కంచె లోపలే ఉండిపోతుందా? ప్రాజెక్టుకు నేను అనుకూలమా, వ్యతిరేకమా అన్నది వదిలేయండి. లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి.

బొబ్బిలి వీణ:

పని ఎలా జరుగుతుందో నేను చెబుతాను. చట్టం, డబ్బు సంగతి తెలిసినవాళ్లు అందుకోండి.

మొదట ఇంధనం బయటికి తీయాలి. ఏపీ-1000 కోర్‌లో, అంటే ఇంధనం ఉండే రియాక్టర్ నడిభాగంలో, 157 ఇంధన కట్టలు ఉంటాయి. మూసేసిన స్టేషన్‌లోని రేడియోధార్మికతలో దాదాపు 99 శాతం వాడిన ఇంధనంలోనే ఉంటుంది. దాన్ని నీటి కొలనులో మామూలుగా అయిదేళ్లయినా చల్లారనిచ్చి, తర్వాత ఉక్కు, కాంక్రీటు కాస్క్‌లలోకి (మందపాటి గోడలున్న పెద్ద డబ్బాల్లోకి) మారుస్తారు. కొలను ఖాళీ అయ్యేదాకా పంపులు, ఫిల్టర్లు, కాపలా అన్నీ నడవాల్సిందే. కాస్క్‌లు పంపడానికి చోటు లేకపోతే అవి అక్కడే కూర్చుంటాయి. అమెరికాలో మెయిన్ యాంకీ స్టేషన్‌ను 2005 నాటికే నేలమట్టం చేసి శుభ్రం చేశారు. ఇంధనం నిండిన కాస్క్‌లు మాత్రం ఈరోజుకీ అదే స్థలంలో కాపలా మధ్య ఉన్నాయి. దేశానికి శాశ్వత భాండాగారం లేకపోవడమే కారణం. అందుకే 'స్టేషన్ శుభ్రమైంది' అని ఎవరైనా అంటే, ఇంధనం ఎక్కడికి వెళ్లిందని తప్పక అడగండి.

తర్వాత ప్రైమరీ సర్క్యూట్, అంటే కోర్ గుండా నీళ్లు తిరిగే పైపుల వలయం, కడగడం. వాల్వు సీట్లలోని కోబాల్ట్ మిశ్రలోహం అరిగి నీటితో పాటు కోర్‌లోకి వెళ్లి రేడియోధార్మిక కోబాల్ట్-60 అవుతుంది. అది మళ్లీ పైపుల లోపలి గోడలకు తుప్పు పొరలో పట్టేస్తుంది. పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం మార్చి మార్చి పంపి ఆ పొరను కరిగిస్తారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. కరిగినదంతా అయాన్ ఎక్స్చేంజ్ రెజిన్‌లోకి (నీటిలో కరిగిన లోహాలను పట్టుకునే గుళికల్లోకి) చేరుతుంది, ఆ రెజిన్ మధ్యస్థాయి వ్యర్థమైపోతుంది. పైపు శుభ్రమైందని సంతోషించేలోపు రెజిన్‌ను సిమెంటులోనో పాలిమర్‌లోనో గట్టిపరచే ప్లాంటు సిద్ధంగా లేకపోతే పని అక్కడే ఆగుతుంది.

రియాక్టర్ పాత్రలోని భాగాలను నీటి అడుగున కోస్తారు. గార్నెట్ పొడి కలిపిన నీటి జెట్‌తో అయితే కోత త్వరగా అవుతుంది కానీ, నీళ్లు మసకబారి కెమెరాకు ఏమీ కనపడదు, వాడిన గార్నెట్ అంతా కొత్త వ్యర్థమవుతుంది. రంపంతో కోస్తే నిదానం, కానీ రజను పెద్ద ముక్కలుగా పడుతుంది, ఏరుకోవడం తేలిక. చాలాచోట్ల అంచనాలు తప్పేది ఈ దశలోనే.

ఇక కాంక్రీటు. రియాక్టర్ చుట్టూ ఉండే రక్షణ గోడలో లోపలి పొర న్యూట్రాన్ల దెబ్బకు తనే రేడియోధార్మికంగా మారుతుంది. కంకరలో అతి స్వల్పంగా ఉండే యూరోపియం, కోబాల్ట్ దీనికి కారణం. దాన్ని పూర్తిగా కోసి తీయాల్సిందే. మిగతా గదుల్లో పైపైన అంటినదాన్ని కొన్ని మిల్లీమీటర్ల మేర చెక్కితే పోతుంది. కాకపోతే పగుళ్లలోకీ, పోత అతుకుల్లోకీ దిగిన సీజియం చెక్కుడుకు లొంగదు.

అన్నిటికన్నా ఖర్చు పెంచేవి నేల కింద పైపులు, డ్రెయిన్లు. ఎప్పుడో ఒక అతుకు దగ్గర కారి ఉంటుంది, రికార్డులో రాసి ఉండదు. అమెరికాలోనే కనెక్టికట్ యాంకీలో భూగర్భజలంలో స్ట్రాన్షియం-90 బయటపడి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ మట్టి తవ్వి తీయాల్సి వచ్చింది. కాబట్టి పైపులను నేరుగా మట్టిలో పూడ్చకుండా, మనిషి దిగి చూడగల కాంక్రీటు కాలువల్లో వేయాలని కట్టేముందే పట్టుబట్టాలి. 1997 ఆగస్టు తర్వాత వచ్చిన దరఖాస్తులన్నిటికీ, కలుషితం తగ్గేలా, రేపు కూల్చడం తేలికయ్యేలా డిజైన్ ఉండాలని అమెరికా నియమం చెబుతోంది. ఏపీ-1000 ఆ నియమం కింద వచ్చినదే. అక్కడి షరతు ఇక్కడ కూడా రాతపూర్వకంగా అడగడం న్యాయం.

ఎన్నేళ్లు అంటే రెండు దారులున్నాయి. వెంటనే మొదలుపెట్టి పది పదిహేనేళ్లలో ముగించడం ఒకటి. ఇంధనం తీసి, తాళం వేసి, దశాబ్దాలు ఆగడం రెండోది. కోబాల్ట్-60 అర్ధాయుష్షు (రేడియోధార్మికత సగానికి తగ్గే కాలం) 5.27 ఏళ్లు, కాబట్టి 53 ఏళ్లు ఆగితే అది వెయ్యో వంతుకు పడిపోతుంది. కార్మికుడికి డోసు తగ్గుతుంది. కానీ ఆలోపు ఏ వాల్వు ఎక్కడుందో తెలిసినవాళ్లు ఒక్కరూ మిగలరు, డ్రాయింగులు కనిపించవు, పైకప్పులు కారతాయి, కోబాల్ట్ తగ్గినా 30 ఏళ్ల అర్ధాయుష్షున్న సీజియం-137, వందేళ్ల నికెల్-63 అలాగే ఉంటాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2014 ప్రమాణం ఈ రెండు దారులనే ఒప్పుకుంటుంది. మామూలుగా మూసేసిన స్టేషన్‌ను కాంక్రీటుతో సమాధి చేయడాన్ని డీకమిషనింగ్ (మూసేసిన స్టేషన్‌ను విప్పి, కూల్చి, శుభ్రం చేసే పని) పద్ధతిగా అది లెక్కించదు. జర్మనీ అయితే 2017 నుంచి వెంటనే కూల్చడమే చట్టం చేసింది. నా ఓటు కూడా దానికే. కరెంటు వాడుకున్న తరమే కూల్చే పని మొదలుపెట్టాలి.

నాగావళి గట్టు:

వీణగారు పని వరుస బాగా చెప్పారు. డబ్బు దగ్గరికి వస్తాను.

ముందు ఒక పొరపాటు తొలగించుకుందాం. 2010 నాటి అణు నష్ట పౌర బాధ్యత చట్టం ప్రమాదం జరిగితే ఇచ్చే పరిహారానికి సంబంధించినది. మూసేసిన స్టేషన్‌ను శుభ్రం చేయడానికీ దానికీ సంబంధం లేదు. రియాక్టర్ అమ్మిన విదేశీ కంపెనీకి కూడా ఈ పనిలో బాధ్యత లేదు. లైసెన్సు ఎవరి పేర ఉంటే వాళ్లదే, అంటే ఇక్కడ న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్‌ది.

2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన 'శాంతి' (SHANTI) అనే కొత్త అణుశక్తి చట్టం 1962 నాటి అణుశక్తి చట్టాన్నీ, ఆ 2010 చట్టాన్నీ తీసేసింది. అణుశక్తి నియంత్రణ మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. ప్రైవేటు కంపెనీలు కూడా లైసెన్సు తీసుకుని రియాక్టర్లు కట్టడానికి, నడపడానికి, డీకమిషన్ చేయడానికి దారి తెరిచింది. దీనివల్ల డబ్బు ప్రశ్న ఇంకా పదునెక్కింది. ప్రభుత్వ సంస్థ చేతులెత్తేస్తే వెనక ఖజానా ఉంటుంది. ప్రైవేటు కంపెనీ దివాలా తీస్తే ఎవరున్నారు? 60 ఏళ్లు నిలబడే కంపెనీలు తక్కువ. ఏపీ-1000 రూపొందించిన వెస్టింగ్‌హౌసే 2017 మార్చిలో దివాలా రక్షణకు దరఖాస్తు చేసింది, తర్వాత చేతులు మారింది.

ఇక రెండు పైసలు. 2012లో కాగ్ అణుశక్తి నియంత్రణ మండలి మీద ఇచ్చిన నివేదిక ఈ విషయంలో తప్పక చదవాల్సినది. డీకమిషనింగ్ రుసుము 1991లో యూనిట్‌కు 2 పైసలుగా ఖరారైందని, అది సరిపోతుందో లేదో మళ్లీ తేల్చలేదని, 30 ఏళ్లుగా నడుస్తున్నవాటితో సహా ఏ అణు విద్యుత్ కేంద్రానికీ డీకమిషనింగ్ ప్రణాళిక లేదని, నిధి పెట్టి తీరాలనే నిబంధన చట్టంలోగానీ రూల్స్‌లోగానీ లేదని అందులో ఉంది.

కొవ్వాడకు ఆ రేటు వేసి చూద్దాం. 1208 మెగావాట్ల యూనిట్ 85 శాతం సామర్థ్యంతో నడిస్తే ఏడాదికి సుమారు 900 కోట్ల యూనిట్ల కరెంటు వస్తుంది. రెండు పైసల చొప్పున 18 కోట్ల రూపాయలు. ఆరింటికి కలిపి 108 కోట్లు. ఒక్క రియాక్టర్‌కు 60 ఏళ్లకు, వడ్డీ లేకుండా, 1080 కోట్లు.

ఇప్పుడు ఖర్చు వైపు. ఉష్ణశక్తి 3400 మెగావాట్లు, ఆపైన ఉన్న ప్రెజరైజ్డ్ వాటర్ రియాక్టర్‌కు (ఏపీ-1000 ఈ రకమే) డీకమిషనింగ్ కోసం కనీసం 10.5 కోట్ల డాలర్లు చూపించాలని అమెరికా నియమం. అది 1986 నాటి డాలర్లలో. కూలీ, కరెంటు-చమురు, వ్యర్థాల పూడ్పు రేట్లు పెరిగినకొద్దీ దాన్ని పెంచుకుంటూ పోవాలి. ఏపీ-1000 ఉష్ణశక్తి సరిగ్గా 3400 మెగావాట్లు. పైగా ఆ మొత్తంలో వాడిన ఇంధనం నిల్వ ఖర్చు, రేడియోధార్మికత లేని భవనాలు కూల్చే ఖర్చు కలవవు. వాస్తవంగా ఎంతైందంటారా, షికాగో దగ్గరి జయాన్‌లో రెండు రియాక్టర్లకు దాదాపు వంద కోట్ల డాలర్లు. రియాక్టర్‌కు 50 కోట్ల డాలర్లు అనుకున్నా మన లెక్కలో 4000 కోట్ల రూపాయల పైమాటే. మన కూలి రేట్లు తక్కువ, నిజమే. కాస్క్‌లు, రిమోట్ కోత యంత్రాలు, వ్యర్థాల పూడ్పు కూలి రేట్లతో తగ్గవు.

పైసల్లో కట్టేసిన రుసుముతో అసలు చిక్కు ద్రవ్యోల్బణం. ఏటా ఆరు శాతం ధరలు పెరిగితే 12 ఏళ్లకోసారి రూపాయి విలువ సగమవుతుంది. అరవయ్యో ఏట వేసే రెండు పైసలు దాదాపు ఏమీ కాదు. తొలి ఏళ్లలో వేసినది మంచి వడ్డీకి పెరిగితేనే నిధి నిలుస్తుంది. అంటే రేటు ఎంత అన్నదానికన్నా, ఆ డబ్బు ఎక్కడ ఉంది, దేనిలో పెట్టారు, రేటును ధరల సూచీతో ముడిపెట్టారా అన్నవే పెద్ద ప్రశ్నలు. అమెరికాలో అది కంపెనీ ఖాతా బయట ట్రస్టులో ఉంటుంది, రెండేళ్లకోసారి మార్చి 31 లోపు నియంత్రణ సంస్థకు లెక్క చెప్పాలి. జర్మనీలో 2017లో కంపెనీల నుంచి 2400 కోట్ల యూరోల పైచిలుకు తీసుకుని, వ్యర్థాల నిల్వ బాధ్యతను ప్రభుత్వ నిధికి మార్చారు, కూల్చే ఖర్చు మాత్రం కంపెనీల నెత్తినే ఉంచారు. బ్రిటన్ తన తొలితరం అణు విద్యుత్ కేంద్రాలైన మాగ్నాక్స్ స్టేషన్లకు ముందుచూపుతో నిధి పెట్టలేదు. 2005లో అణు డీకమిషనింగ్ అథారిటీ మొదలైంది, ఇప్పుడు ఏటా 300 కోట్ల పౌండ్లకు పైగా ఖర్చవుతోంది, అందులో ఎక్కువ భాగం పన్ను కట్టేవాళ్లదే. ఆ దెబ్బ తిన్నాకే 2008లో చట్టం తెచ్చారు. డీకమిషనింగ్ నిధి ప్రణాళికకు మంత్రి ఆమోదం లేనిదే కొత్త స్టేషన్ కట్టడానికి లేదు. మనకు కావాల్సిన నమూనా అదే అంటాను. కాంక్రీటు పోయకముందే ఒప్పందం.

మన దగ్గర అనుభవం ఎంత అంటే, రావత్‌భాటా మొదటి యూనిట్ 2004లో ఆగిపోయింది, ఇంధనం తీసేశారు. పూర్తిగా కూల్చి నేల అప్పగించిన విద్యుత్ రియాక్టర్ దేశంలో ఇప్పటికి ఒక్కటీ లేదు. అలాగని చేతకాదనడం కూడా తప్పే. రావత్‌భాటా రెండో యూనిట్‌లోనూ, కల్పాక్కంలోనూ రియాక్టర్ లోపలి శీతలక గొట్టాలన్నీ మార్చారు. డీకమిషనింగ్‌లో వచ్చే కష్టమైన పనుల్లో అదొక రకం.

గార తీరం:

పైన ఇద్దరూ చెప్పనిది, మన తీరానికి మాత్రమే ఉన్న సమస్య ఒకటి ఉంది. నల్ల ఇసుక.

శ్రీకూర్మం, కళింగపట్నం, భావనపాడు, ఇటు భీమునిపట్నం దాకా బీచ్ ఇసుకలో ఇల్మెనైట్, గార్నెట్, సిల్లిమనైట్‌తో పాటు మోనజైట్ ఉంది. మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ సుమారు 8 నుంచి 10 శాతం. లెక్క కడితే శుద్ధ మోనజైట్ గ్రాముకు సుమారు 300 బెకరెల్ (రేడియోధార్మికతకు కొలమానం) థోరియం-232 వస్తుంది. అంటే ఇసుకలో మోనజైట్ వెయ్యో వంతు ఉన్నా కిలోకు 300 బెకరెల్. మామూలు నేలలో కిలోకు 30 నుంచి 45 దాకా ఉంటుంది. ఆ 300 బెకరెల్ ఉన్న చోట నిలబడితే గంటకు దాదాపు 0.18 మైక్రోసీవర్ట్ (శరీరానికి తగిలే డోసుకు కొలమానం) ఈ థోరియం నుంచే వస్తుంది.

ఇప్పుడు శుభ్రత ప్రమాణం చూడండి. అమెరికాలో స్థలాన్ని షరతుల్లేకుండా వదలాలంటే అక్కడ ఉండే మనిషికి సహజ నేపథ్యం మీద ఏడాదికి 0.25 మిల్లీసీవర్ట్ దాటకూడదు. ఏడాది పొడవునా అక్కడే ఉన్నాడనుకుంటే గంటకు 0.03 మైక్రోసీవర్ట్ కన్నా తక్కువ. అంటే మనం వెతకాల్సిన తేడా కన్నా, నల్ల ఇసుక చార ఒకటి జరిగితే వచ్చే సహజ తేడా ఆరు రెట్లు. తుపాను వస్తే ఆ చారలు ఎక్కడికో వెళ్లిపోతాయి. 2014 హుద్‌హుద్, 2018 తిత్లీ తర్వాత మన బీచ్‌లు ఎలా మారాయో చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

దీనివల్ల రెండు వైపులా అన్యాయం జరగొచ్చు. స్టేషన్ నుంచి వచ్చినదాన్ని 'అది మోనజైటే' అని కొట్టిపారేయొచ్చు. మోనజైట్‌ను చూసి స్టేషన్ కలుషితమని ఊరంతా భయపడొచ్చు. చేత్తో పట్టుకునే సర్వే మీటర్ ఈ రెండింటినీ విడదీయలేదు. సీజియం-137 గామా శక్తి 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. థోరియం శ్రేణిలో 583 దగ్గర, రేడియం శ్రేణిలో 609 దగ్గర గీతలుంటాయి. సోడియం అయొడైడ్ డిటెక్టర్‌లో ఇవి ఒకదాని మీద ఒకటి పడతాయి. హెచ్‌పీజీఈ అనే శుద్ధ జెర్మేనియం డిటెక్టర్ అయితేనే విడివిడిగా కనిపిస్తాయి.

కాబట్టి పునాది తవ్వకముందే నేపథ్య కొలత నమూనాలు తీసి భద్రపరచాలి. మట్టి 0 నుంచి 5, 5 నుంచి 15, 15 నుంచి 30 సెంటీమీటర్ల లోతుల్లో విడివిడిగా తీయాలి. కలిపేస్తే పై పొరలో ఉన్న సీజియం పలచబడిపోయి కనపడదు. 1950, 60ల్లో జరిగిన అణ్వస్త్ర పరీక్షల సీజియం కొంత ఇప్పటికీ దున్నని నేలలో కిలోకు కొద్ది బెకరెల్‌ల లెక్కన ఉంటుంది. అది ముందే రాసిపెట్టుకోకపోతే రేపు స్టేషన్ ఖాతాలో పడుతుంది. నమూనాను 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టి, జల్లించి, డబ్బాలో గాలి చొరకుండా మూసి నాలుగు వారాలు ఉంచాకే గామా కౌంటింగ్ చేయాలి. రాడాన్ తప్పించుకోకుండా ఉంటేనే రేడియం లెక్క నిలుస్తుంది. బావి నీళ్లు వానలకు ముందొకసారి, తర్వాతొకసారి, ట్రిటియం (రేడియోధార్మిక హైడ్రోజన్) కోసం ప్రత్యేకంగా పట్టాలి. చేప, రొయ్య, వరి, జీడిపప్పు, కొబ్బరి, పాలు కూడా ఉండాలి.

సాధారణంగా బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) వాళ్లు ప్రతి అణు విద్యుత్ స్థలంలో పర్యావరణ సర్వే ప్రయోగశాల పెట్టి, స్టేషన్ నడవడానికి ముందే ఈ కొలతలు మొదలుపెడతారు. మంచి పద్ధతి. నేను అడిగేది ఒకటే. ప్రతి నమూనాలో సగం విడిగా సీల్ చేసి, ఆ సంస్థకు సంబంధం లేని విశ్వవిద్యాలయంలో ఉంచాలి. అరవై ఏళ్ల తర్వాత తగువు వస్తే తేల్చేది ఆ డబ్బాలే.

రణస్థలం జంక్షన్:

చాలా కొత్త సంగతులు తెలిశాయి, అందరికీ ధన్యవాదాలు. ఇంకొక్కటి. బ్రిటన్ ఈమధ్య నియమాలు సడలించి, పునాదులూ శిథిలాలూ నేల కిందే వదిలేయడానికి ఒప్పుకుందని చదివాను. నిజమేనా? రేపు ఇక్కడ కూడా అదే చూపించి వదిలేస్తే?

బొబ్బిలి వీణ:

సగం నిజం. 1965 నాటి బ్రిటన్ చట్టం ప్రకారం ఆ స్థలంలో అయానీకరణ వికిరణం వల్ల ప్రమాదమే లేదని తేలేదాకా లైసెన్సుదారు బాధ్యత తీరదు. ఆచరణలో దాన్ని ఏడాదికి పది లక్షల్లో ఒకటి అన్న ముప్పు స్థాయిగా తీసుకున్నారు. అక్కడిదాకా రావాలంటే చాలా స్వల్పంగా అంటిన కాంక్రీటు, మట్టి కూడా వేల లారీల్లో తీసుకెళ్లి వేరే ఊరి పక్కన పోయాలి, ఆ గొయ్యి పూడ్చడానికి మళ్లీ మట్టి తేవాలి. రోడ్డు మీద లారీ ప్రమాదాల ముప్పే ఆ మిగిలిన రేడియేషన్ ముప్పు కన్నా ఎక్కువయ్యే పరిస్థితి. దీని మీద 2018లో ప్రభుత్వం అభిప్రాయాలు తీసుకుంది. 2023 ఇంధన చట్టంతో, అణు భద్రత పరంగా పని ముగిసిన స్థలం అణు లైసెన్సు నుంచి ముందే బయటికి రావొచ్చు. అలాగని వదిలేసినట్టు కాదు. పర్యావరణ నియంత్రణ సంస్థ అనుమతి పత్రం కొనసాగుతుంది. స్థలం మొత్తానికి పర్యావరణ భద్రతా నివేదిక, వ్యర్థాల ప్రణాళిక ఇచ్చి, నేల కింద వదిలేదానివల్ల వందల ఏళ్ల దాకా ఏమవుతుందో చూపించాలి. డోర్సెట్‌లోని విన్‌ఫ్రిత్, వేల్స్‌లోని ట్రాస్‌వినిథ్ ఈ పద్ధతికి ముందు వరసలో ఉన్నాయి.

నా ఉద్దేశంలో ఆ ఆలోచన తప్పు కాదు. ఏపీ-1000 అణు భవనాల పునాది నేలమట్టానికి దాదాపు 12 మీటర్ల కింద ఉంటుంది. తీరంలో అది భూగర్భజల మట్టానికి బాగా దిగువ. దాన్ని పెకలించాలంటే నెలల తరబడి నీళ్లు తోడాలి, తోడిన ప్రతి ట్యాంకునూ కొలిచి వదలాలి, ఆ తోడకానికి పక్క బావుల్లోకి ఉప్పునీరు చొరబడొచ్చు. కొలిచి శుభ్రమని తేలిన పునాదిని అక్కడే ఉంచడం మేలు కావచ్చు.

నాగావళి గట్టు:

ఇక్కడ వీణగారితో ఒప్పుకోలేను. విన్‌ఫ్రిత్ సముద్రం నుంచి లోపలికి ఉన్న స్థలం. కొవ్వాడ తుపాను తీరం, కోత ఉన్న తీరం. నేల కింద వదిలినది వందేళ్ల తర్వాత కూడా నేల కిందే ఉంటుందని ఎవరు హామీ ఇస్తారు? వదలొచ్చు అన్న నిర్ణయం డబ్బు అయిపోయిన రోజున తీసుకుంటే అది భద్రత కోసం కాదు, పొదుపు కోసం. పూర్తిగా తీయడానికి సరిపడా నిధి ముందు ఉండాలి, ఆ తర్వాతే ఎంత వదలొచ్చన్న చర్చ.

ఇంకో ముఖ్యమైన సంగతి. మన దేశ విధానం ప్రకారం తక్కువ స్థాయి వ్యర్థాలను ఏ స్టేషన్‌వి ఆ స్టేషన్ దగ్గరే, నేలకు దగ్గరగా కట్టిన రాతి కందకాలు, ఆర్‌సీసీ కందకాలు, టైల్ హోల్స్‌లో (నిలువుగా దించిన గొట్టపు గుంతల్లో) పూడుస్తారు. అంటే రియాక్టర్లు మాయమైనా ఆ పూడ్పు స్థలం కొవ్వాడలోనే ఉంటుంది. సీజియం-137 పది అర్ధాయుష్షులు గడవాలంటే 300 ఏళ్లు నిఘా. 'నేల అంతా తిరిగి ఇస్తాం' అన్న మాట ఎక్కడ విన్నా, కందకాలు ఎన్ని ఎకరాలని అడగండి. వాడిన ఇంధనం సంగతి వేరు. దాన్ని పునఃశుద్ధి చేయాలన్నది మన విధానం. అమెరికా మూలం ఇంధనానికి 2010 ఒప్పందం ప్రకారం అంతర్జాతీయ తనిఖీలో నడిచే ప్రత్యేక కర్మాగారం కావాలి. అది కట్టి నడిచేదాకా ఇంధనం స్టేషన్ దగ్గరే ఉంటుంది.

బొబ్బిలి వీణ:

నిధి ముందు, మినహాయింపు తర్వాత అన్న వరుస సరైనదే, ఒప్పుకుంటున్నా. తీరం కోత లెక్క కూడా నివేదికలో ఉండాలి.

చీపురుపల్లి పాఠకుడు:

ఇవన్నీ ఎక్కడ, ఎలా అడగాలన్నది చెబుతాను. 2006 పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణ రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి జరపాలి. కలెక్టర్ గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేట్ స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన రావాలి. ముసాయిదా నివేదిక కలెక్టరేట్‌లో, జిల్లా పరిషత్తులో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, పంచాయతీలో పెట్టాలి, సారాంశం తెలుగులో ఉండాలి. ఆ రోజు మైకు దొరకకపోయినా పర్వాలేదు. రాసి ఇచ్చిన అభ్యంతరం కూడా రికార్డులోకి ఎక్కుతుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ముద్ర వేయించుకోండి. సభ చివర్లో అభ్యంతరాల సారాంశం తెలుగులో చదివి వినిపించాలి. మీరు ఇచ్చినది అందులో లేకపోతే అక్కడే లేచి చెప్పండి. వీడియో తీస్తారు కాబట్టి అది నిలుస్తుంది.

జనం ఎక్కువగా పరిహారం గురించే మాట్లాడతారు, అది వాళ్ల బతుకు, తప్పేం లేదు. డీకమిషనింగ్ మీద ఒక్క పేజీ విడిగా రాసి ఇవ్వండి. 'భవిష్యత్తులో శుభ్రం చేస్తారా?' అని అడిగితే 'నిబంధనల మేరకు చేస్తాం' అన్న జవాబొస్తుంది. అలా కాకుండా, ప్రాథమిక డీకమిషనింగ్ ప్రణాళిక ప్రతి ఇవ్వండి, ఒక్కో యూనిట్‌కు అంచనా వ్యయం ఏ ఏడాది ధరల్లో ఎంత, నిధి ఎవరి ఖాతాలో ఎలా ఉంటుంది, రుసుము ధరల సూచీతో పెరుగుతుందా, వ్యర్థాల కందకాలకు ఎన్ని ఎకరాలు, సముద్రం నుంచి ఎంత దూరం, నేపథ్య నమూనాలు ఎక్కడ భద్రపరుస్తారు అని అడగండి. జవాబు అంకెలో, పేరులో తప్ప రాకుండా ప్రశ్న ఉండాలి.

సమాచార హక్కు కింద ఇప్పుడే అడగొచ్చు. న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ కేంద్ర ప్రభుత్వ సంస్థ కాబట్టి కేంద్ర ఆన్‌లైన్ పోర్టల్‌లో పది రూపాయలతో దరఖాస్తు వెళ్తుంది, 30 రోజుల్లో జవాబు రావాలి. డిజైన్ వివరాలు, భద్రత ఏర్పాట్లు అడగకండి, దేశ భద్రత పేరుతో సమాచారం ఆపే సెక్షన్ 8(1)(ఏ) చూపించి మొత్తం తిప్పి పంపుతారు. నిధి నిల్వ, రుసుము రేటు, దాన్ని చివరిసారి సమీక్షించిన తేదీ, సమీక్ష నోట్ ప్రతి, ఈ నాలుగే అడగండి. దేశ రక్షణకు సంబంధం లేని అంకెలు కాబట్టి నిరాకరించడం కష్టం. నిరాకరిస్తే 30 రోజుల్లోపు అదే సంస్థలోని మొదటి అప్పీలు అధికారికి రాయండి. ఒక దరఖాస్తులో ఒకే విషయం పెట్టండి, కలిపితే కుదరనిదాన్ని సాకుగా చూపి కుదిరినదీ ఆపేస్తారు.

గార తీరం గారు చెప్పిన నమూనాల సగం విడిగా ఉంచాలన్నది పర్యావరణ అనుమతిలో షరతుగా రావాలి. షరతు అయితే ఆరు నెలలకోసారి ఇచ్చే అమలు నివేదికలో దాని మీద జవాబు చెప్పక తప్పదు. సభలో అడిగినదాన్ని నిపుణుల కమిటీ పరిశీలించాలి కాబట్టి, ఆ వాక్యాన్ని మీ పేజీలో మొదటి అంశంగా, 'ఈ క్రింది షరతు విధించాలని కోరుతున్నాం' అన్న మాటతోనే రాయండి.